డాక్టరమ్మకు చెప్పకూడని మాట

కోటేశ్వరి సంచీ సర్దుతోంది. ఆమె భర్త అచ్చెన్నకు ఏ జబ్బూ లేదు. అందుచేత ఆయన మూడు రోజుల పాటు ఆరోగ్య శిబిరానికి వెళ్ళవలసి వచ్చింది.

ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. జబ్బుపడ్డవాళ్ళకు ఆస్పత్రులున్నాయి, జబ్బు పడబోయేవాళ్ళ గతి ఏమిటని రేవు తెలుగు సేవా సంఘం వారు చాలాకాలంగా మథనపడుతున్నారు. నలభై దాటి, నడుము చుట్టూ కొంత సంపాదించుకుని, బి.పి.యో షుగరో ఇంకా ఇంటికి రాకపోయినా వీధి మలుపు దాకా వచ్చిందని అనుమానం ఉన్న సభ్యులందరూ, వండిపెట్టే మనిషిని వెంటబెట్టుకుని, యాంగోన్ విమానాశ్రయం పక్కనున్న మింగళాడోన్‌లోని గుడి హాలుకు దయచేయవలసిందని సంఘం కబురు చేసింది. శిబిరం పేరు 'ముందు జాగ్రత్త'. బ్యానరు రాసిన బర్మా పెయింటరు, తెలుగు అక్షరాలు కూడా తన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయి కదా అని ధైర్యం చేసి, ఒక కొమ్ము వదిలేశాడు. అది 'మందు జాగ్రత్త' అయింది. దానివల్ల సంఘానికి లాభమే కలిగింది. మందు ఇస్తారు కాబోలునని కొందరు, ఉన్న మందును ఎలా జాగ్రత్త చేసుకోవాలో చెబుతారు కాబోలునని మరికొందరు, అనుకున్నదానికి రెట్టింపు మంది ఉత్సాహంగా పేర్లిచ్చారు.

అక్కడ ఉప్పు తగ్గిస్తారని విని కోటేశ్వరి ఆవకాయ సీసా పెట్టింది. నూనె తగ్గిస్తారని విని చేగోడీలు పెట్టింది. తీపి అసలే ఉండదని తెలిసి అరిసెలు పెట్టింది. ఒకవేళ అన్నమే పెట్టకపోతేనో అన్న భయం పట్టుకుని, వేయించిన ఎండు రొయ్యలూ, నప్పి అనే పులియబెట్టిన చేపల పచ్చడీ రెండు డబ్బాల్లో కుక్కింది. ఇక బట్టలకు చోటు లేకపోయింది. శిబిరానికి కావలసింది ఆరోగ్యం గాని బట్టలు కావు కనుక రెండు లుంగీలు చాలుననుకుంది.

"ఓలే కోటీ, మూడు రోజులకేనేటి, మూడు నెల్లకా?" అన్నాడు అచ్చెన్న, సంచీని ఒక చేత్తో ఎత్తబోయి విరమించుకుంటూ.

"ఆకలికి రోజులు తెలుస్తాయేటి? నువ్వూరుకో మావా."

అచ్చెన్న బోటాటౌంగ్ రేవులో గొడౌను పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. విశ్రాంతి అన్న మాటను ఆయనంత నిజాయితీగా పాటించినవాడు ఆ వీధిలో మరొకడు లేడు. ఇల్లు ఆరో అంతస్తు, లిఫ్టు లేదు. దిగితే మళ్ళీ ఎక్కాలి గనక దిగడం మానేశాడు. యాంగోన్‌లో అన్ని మేడల నుంచీ వేలాడినట్టే ఆ బాల్కనీ నుంచి కూడా వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కొసన క్లిప్పు, పైన గంట. కింద టీ కొట్టాయన కండెన్స్‌డ్ పాలు ధారాళంగా పోసిన టీని ప్లాస్టిక్ సంచీలో కట్టి, క్లిప్పుకు తగిలించి, "ఊ అచ్చెన్!" అని, 'గారు'కు బదులు ఈ ఊరి 'ఊ' చేర్చి, గౌరవంగా గంట లాగుతాడు. తాడు పైకి లాగడమే అచ్చెన్నకు వ్యాయామం. ఈమధ్య దాన్ని కూడా కోటేశ్వరి చేత చేయిస్తున్నాడు.

ఇంత నిమ్మళంగా బతుకుతున్న మనిషి మీదికి ఈ శిబిరం ఎలా వచ్చిపడిందో చెప్పాలి. సంక్రాంతి నాడు గుళ్ళో సంఘం వారు ఉచితంగా వేలు గుచ్చి రక్తమూ, చేతికి పట్టీ చుట్టి ప్రెషరూ చూశారు. ఉచితమంటే అచ్చెన్న వేలు చాపాడు. డాక్టరు జయంతి మిషను చూసి, "అంకుల్‌కి షుగర్ బోర్డర్‌లో ఉంది, ప్రెషర్ కూడా బోర్డరే," అంది.

పక్కనున్న కోటేశ్వరి ఆయన చాపిన చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఆ కుటుంబంలో బోర్డరు దాకా వెళ్ళిన మనిషి ఇంతకుముందు ఒకడున్నాడు. ఆమె తాత. యుద్ధం రోజుల్లో బాంబులు పడుతుంటే "పోతన్నాను" అని ఒక్క మాట అని, ఇండియా దారిన బోర్డరు వైపు నడిచాడు. ఇంకా రాలేదు. ఇప్పుడు వస్తే ఆయన వయసెంత ఉంటుందని ఎవరైనా అడిగితే కోటేశ్వరి మాట మార్చేస్తుంది. మనిషిని బోర్డరు దాటకుండా ఎలా వెనక్కి తేవాలన్నదే ఆ రోజు నుంచి ఆమెకున్న ఒకే ఒక్క బెంగ.

తాత చేసిన పొరపాటు నడవడం కాదని, "పోతన్నాను" అనడమని ఆమె నిశ్చితాభిప్రాయం. అందుకే ఆ ఇంట్లో ఒక శాసనం అమల్లో ఉంది. గడప దాటేవాళ్ళెవరైనా "వెళ్ళొస్తాను" అనాలి, "వెళ్తున్నాను" అనరాదు. మంచినీళ్ళ డబ్బాలు మోసేవాడికీ, పక్కవాటాలో ఉండే బర్మా ఆవిడకూ కూడా ఈ శాసనం వర్తిస్తుంది. వాళ్ళకు వచ్చిన తెలుగంతా "ఎల్లొత్తాను" అన్న ఒక్క మాటే. రోజూ కరెంటు పోయేటప్పుడు కూడా కోటేశ్వరి బల్బు వైపు చూసి "ఎల్లిరా" అంటుంది. కరెంటు ఆ మాటను చాలావరకు నిలబెట్టుకుంటోంది.

సరే, ఇద్దరూ ఖాళీ ఇంటికి "ఎల్లొస్తాం" అని చెప్పి, తాళం వేసి, బస్సెక్కి మింగళాడోన్ చేరారు.

శిబిరాన్ని సంఘాధ్యక్షులు జగదీశ్వరరావు గారు ప్రారంభించారు. లమ్మడాలో పప్పుల హోల్‌సేలు వ్యాపారం వారిది. గుండెకు రెండుసార్లు ఆపరేషను చేయించుకున్నవారు కనుక జబ్బులు రాకుండా చూసుకోవడంలో వారిని మించిన అనుభవజ్ఞులు సంఘంలో లేరు. వారి కారు వేదిక మెట్లను ఆనుకుని ఆగింది.

"సోదర సోదరీమణులారా!" అన్నారు వారు, ఊపిరి అందిన తర్వాత. "నడక! నడకే ఆరోగ్యానికి పునాది! నేను స్వయంగా నడవాలని పదేళ్ళ కిందటే నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం నేటికీ చెక్కుచెదరలేదు!"

చప్పట్లు మోగాయి. తర్వాత శిబిరానికి దాత అయిన ధనరాజ్ గారిని సన్మానించారు. ఆయన ఈ నగరంలో సగం టీ కొట్లకు కండెన్స్‌డ్ పాలు సరఫరా చేసే పుణ్యాత్ముడు. చక్కెర వల్ల వచ్చే ప్రమాదాల గురించి రెండు ముక్కలు మాట్లాడి, వచ్చినవారందరికీ తలా ఒక పాలడబ్బా స్వహస్తాలతో బహూకరించారు.

అనంతరం కార్యదర్శి బాపిరాజు సంచీల తనిఖీ చేపట్టారు. ఇంటి నుంచి తెచ్చిన తినుబండారాలన్నీ పరీక్ష నిమిత్తం కమిటీ గదికి తరలించబడ్డాయి. పరీక్ష మధ్యాహ్నం దాకా తలుపులు వేసుకుని జరిగింది. నమూనాలు అయిపోవడం చేత ఆపవలసి వచ్చింది. ఆవకాయలో ఉప్పు అధికంగా ఉన్నట్టూ, కోటేశ్వరి గారి చేగోడీలు మరికొన్ని ఉంటే గాని నిర్ధారణకు రాలేమనీ తేలింది.

డాక్టరు జయంతి లమ్మడాలో పుట్టి పెరిగిన పిల్ల. వైద్యమంతా ఇంగ్లీషులో, బతుకంతా బర్మాలో నడిచింది. తెలుగు మాత్రం నాయనమ్మ దగ్గర విన్నంత వరకే. ఎవరొచ్చినా ఈ ఊరి పద్ధతిలో "సా పీ బీ లా?" అని పలకరించేది. తిన్నారా అని అర్థం. మామూలుగా అయితే దానికి తిన్నామనే చెబుతారు. కానీ డాక్టరు అడిగింది గనక అందరూ జాగ్రత్తపడ్డారు.

"నేదు డాక్టరమ్మా. నాను అసలేటీ తినను," అన్నాడు అచ్చెన్న.

"స్వీట్ టీ?"

"వాసన సూత్తాను. అంతే."

కోటేశ్వరి నోరు తెరవబోయింది. అచ్చెన్న ఆమె కాలు తొక్కాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళందరూ అదే చెప్పారు. ఒకాయన పొద్దున్న ఒక గ్లాసు నీళ్ళతో సరిపెడతానన్నాడు. ఆయన్ని కుర్చీలోంచి లేపడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. యాంగోన్ తెలుగువారు కేవలం గాలి భోంచేసి ఇంత ఒళ్ళు చేశారన్న సంగతి ఆ విధంగా మొట్టమొదటిసారి వెలుగులోకి వచ్చింది.

రెండోనాడు ఉదయం సామూహిక నడక. గుడి నుంచి పెద్దరోడ్డు దాకా అందరూ హుషారుగా నడిచారు, ఎందుకంటే పెద్దరోడ్డు మీద టీ కొట్టు ఉంది. తిరిగి వచ్చేటప్పుడు పక్కన సీటున్న సైకిల్ రిక్షాలు ఎక్కి వచ్చారు. తొక్కిన వాళ్ళ ఆరోగ్యం బాగుపడిందని అచ్చెన్న అన్నాడు. ఆ తర్వాత నిశ్చింతగా జీవించడం ఎలాగన్న విషయం మీద ఒక పెద్దమనిషి ఉపన్యసించారు. కరెంటు పోయి, జనరేటరు పెట్టి, ఆ మోతలో ఒక్క ముక్కా వినబడక, వినబడనందుకు అందరూ నిశ్చింతగా నిద్రపోయారు. కోటేశ్వరి ఒక్కతే మెలకువగా ఉండి, కప్పు మీదుగా ఎగిరిపోయే విమానాల చప్పుడు వింటూ, లోపలున్నవాళ్ళు బయల్దేరేటప్పుడు ఇంట్లో సరైన మాట చెప్పి వచ్చారో లేదోనని ఆలోచిస్తూ కూర్చుంది.

మూడోనాడు జయంతి అచ్చెన్న చేతికి పట్టీ చుట్టి ప్రెషరు చూసింది. మళ్ళీ చూసింది. ఇంకో చేతికి మార్చి చూసింది. తర్వాత దంపతులిద్దరినీ పక్కకు పిలిచింది.

"అంకుల్, బోర్డర్ కాదు. ప్రెషర్ దాటేసింది. ఎక్కువ కాదు, కొంచెం. మాత్ర రోజూ ఒకటి. ఉప్పు తక్కువ. నడవాలి. నెల తర్వాత మళ్ళీ నా దగ్గరికి రావాలి. వస్తే ఏమీ కాదు. రాకపోతే…"

"రాకపోతే ఏటవుతాదమ్మా?" అంది కోటేశ్వరి.

రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ పిల్లకు తెలుగు చాలలేదు. తలను చూపించి, నోటిని ఒక పక్కకు వంచి, కుడిచెయ్యి వేలాడేసి చూపించింది. కోటేశ్వరికి అంతకన్నా మంచి తెలుగు అక్కర్లేకపోయింది.

అచ్చెన్న మాత్రం నవ్వాడు. "నాకేటీ నేదమ్మా. తలనొప్పి కూడా రాదు. బాగున్నోడికి మాత్రేటి?" జబ్బు లేనప్పుడు మందు మింగడం అబద్ధమాడినట్టు ఉంటుందని ఆయన అభిప్రాయం. పాఠకుల అభిప్రాయం కూడా ఇదేనని విన్నాను.

ముగింపు సభ మొదలైంది. జయంతి మైకు అందుకుని, అలవాటు లేని తెలుగులో, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ చెప్పింది. "ఈ మూడు రోజులు ముఖ్యం కాదు. మళ్ళీ రావడమే ముఖ్యం. నెల తర్వాత ఆదివారం, ఇదే హాలు. అందరూ నాతో పాటు చెప్పండి. 'డాక్టర్ గారూ, మళ్ళీ వస్తాను.'"

ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. ఎవరో ఆడమనిషి "ఓలమ్మో!" అంది.

పాపం ఆ పిల్లకు తెలియదు. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు "వస్తాను" అనకపోవడం ఎంత తప్పో, డాక్టరు దగ్గర నుంచి వెళ్ళేటప్పుడు "వస్తాను" అనడం అంత తప్పు. డాక్టరుకు మళ్ళీ వస్తామని మాట ఇవ్వడమంటే జబ్బుకు బొట్టుపెట్టి పిలవడమే. ఆస్పత్రి గుమ్మంలో "వెళ్తాం" అని కొట్టినట్టు చెప్పి, వెనక్కి చూడకుండా రావాలి. ఇది తెలుగువాళ్ళందరికీ బొడ్డు కోసినప్పుడే తెలుస్తుంది. డాక్టర్లకు మాత్రమే తెలియదు.

"తల్లీ, అలగనకూడదమ్మా," అని అందరికన్నా ముందు లేచింది కోటేశ్వరే. ఎవరు ఎక్కడ ఏ మాట చెప్పి వెళ్ళాలన్న విషయంలో ఆమె మాటకు ఎదురులేదు. "మీ కాడికి మల్లీ వస్తామంటే మల్లీ జబ్బు సేస్తాది."

"కానీ ఆంటీ, జబ్బు రాకుండా ఉండడానికే మళ్ళీ రమ్మంటున్నా."

"వస్తాంలేమ్మా. కానీ వస్తామనం."

పరిస్థితి విషమించడంతో అధ్యక్షులు అక్కడికక్కడే ఉపసంఘం వేశారు. మన ఆచారానికీ వైద్యశాస్త్రానికీ భంగం కలగని మాటను కనిపెట్టవలసిందని దానికి ఆదేశం. మళ్ళీ వస్తామన్న ముక్కనే బర్మా భాషలో "ప్యన్ లా మె" అంటే తప్పు తగలదని బాపిరాజు ప్రతిపాదించారు. శకునాలన్నవి తెలుగుకే గదా అని ఆయన వాదం. దానికి అచ్చెన్న లేచి అభ్యంతరం చెప్పాడు. "నాలుగు తరాలుగా ఈ ఊల్లో మనోల్లని పట్టుకుపోతన్నాడు యముడు. ఆడికి ఈపాటికి బర్మా రాదేటండీ?"

సభ ఆ వాదనలో బలముందని ఒప్పుకుంది. ఇంగ్లీషులో చెబుదామన్నారు ధనరాజ్ గారు. యముడు చెన్నపట్నంలో కూడా పనిచేశాడు గనక ఇంగ్లీషు ముందే వచ్చునని తేలింది. తల ఊపుదామని ఒకరు అన్నారు. మన తల ఊపుడు అవునో కాదో మనకే తెలియదు కాబట్టి అది చాలాసేపు అందరికీ నచ్చింది, డాక్టరమ్మకే నచ్చలేదు. చివరకు, ఎవరూ ఏమీ అనకూడదనీ, మాట ఇవ్వకుండా రావాలనీ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇంత సున్నితమైన సమస్యను ఒక్క పూటలో పరిష్కరించినందుకు ఉపసంఘానికి శాలువాలు కప్పారు.

అందరూ బారులు తీరి బయటికి నడిచారు. జయంతి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "వెళ్తామమ్మా." "వెళ్తాం." "వెళ్తామండీ." ఒక్కరూ తిరిగి చూడలేదు. అచ్చెన్న అయితే హాలంతా మోగేలా, "ఎల్తాం డాక్టరమ్మా!" అన్నాడు.

కోటేశ్వరి కూడా ఆయన వెనకే నడిచింది. గేటు దాకా వెళ్ళాక, సంచీ సర్దుకునే నెపంతో, చూడకూడదని తెలిసీ, చూసింది. ఖాళీ హాలు ముందు ఆ పిల్ల మిషను ఒళ్ళో పెట్టుకుని, వెళ్ళిపోయేవాళ్ళ వీపులను చూస్తోంది. వెళ్ళేవాళ్ళు మళ్ళీ వస్తామని చెప్పకపోతే వెనక ఉండిపోయినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో కోటేశ్వరికి ఒకరు చెప్పనక్కర్లేదు. అది వాళ్ళమ్మ మొహం. వాళ్ళ అమ్మమ్మ మొహం. కొన్నేళ్ళుగా అద్దంలో తన మొహం.

"మావా, సంచీ పట్టుకో."

"ఎక్కడికే?"

ఆమె వెనక్కి వెళ్ళింది. సంఘం సంఘమంతా చూస్తుండగా డాక్టరమ్మ ఎదుట నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, పెద్దగా అంది: "వస్తాం తల్లీ. నెల దాటి ఆదివారం. నానొస్తాను, ఈయన్ని తెస్తాను."

రోడ్డు మీద అందరి కాళ్ళూ ఆగిపోయాయి. "కోటేశ్వరప్పా, ఎంత పని సేసేసినావే!" అని ఎవరో లెంపలు వేసుకున్నారు. బస్సులో వారిద్దరి పక్కన ఎవరూ కూర్చోలేదు. అచ్చెన్న ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆరంతస్తులు ఎక్కాక మాట్లాడదామనుకున్నాడు గాని అప్పటికి ఊపిరి లేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో జీవనశైలి మారిపోయింది. "నాకేటీ నేదే," అని అచ్చెన్న అన్నప్పుడల్లా, "నీకోసరం ఎవులు సేస్తన్నారు? మాటిచ్చీసినాను. ఆదివారం నాటికి నువ్వు బతికుండాల, అంతే," అనేది కోటేశ్వరి. బాల్కనీ తాడు పైకి లాగేసి దాని మీద బట్టలు ఆరేసింది. టీ కావాలంటే దిగమంది. దిగినవాడు ఎక్కక తప్పలేదు. మాత్రను రోజూ పొద్దున్నే అరచేతిలో పెట్టి, మింగేదాకా గడ్డం పట్టుకునేది. అచ్చెన్నకు రోజులు దగ్గరపడ్డాయేమో, లేకపోతే చక్కెర టీ ఎందుకు మానేస్తాడని కింద టీ కొట్టాయన కంటతడి పెట్టాడు.

నెల తిరిగింది. ఆదివారం నాడు హాల్లో జయంతి కుర్చీలన్నీ వేయించి కూర్చుంది. వచ్చింది కోటేశ్వరి, అచ్చెన్న. ఇంకెవరూ రాలేదు. జయంతి ఒకటికి రెండుసార్లు ప్రెషరు చూసి, "అంకుల్, మళ్ళీ ఇవతలికి వచ్చేశారు," అంది. బోర్డరు దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషిని కోటేశ్వరి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడడం. పట్టీ విప్పేదాకా ఆగలేక ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"ఏటే, బాగుందన్నా ఏడుస్తావేటి?" అన్నాడు అచ్చెన్న, ఆ చెయ్యి విడిపించుకోకుండానే.

ఊళ్ళో ఈ వార్త మరోలా పాకింది. అచ్చెన్న రెండోసారి కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. మళ్ళీ నెలకు కూడా వెళ్తాడట. ఇంకేముంది, పరామర్శలు మొదలయ్యాయి. ఆరంతస్తులూ ఎక్కలేనివాళ్ళు తాడు లేదని విసుక్కున్నారు. ఎక్కగలిగినవాళ్ళు శిబిరంలో ఇచ్చిన పాలడబ్బాలతో పాయసం వండి తెచ్చి, "ఆఖరి రోజుల్లో నోరు కట్టుకోకండి బావూ," అని బతిమాలారు. అచ్చెన్న ఆ గిన్నెల వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించడం భావ్యం కాదు.

ఉగాది నాడు సంఘం వార్షిక సభలో బాపిరాజు నివేదిక చదివారు. 'ముందు జాగ్రత్త' శిబిరం అపూర్వ విజయం సాధించిందనీ, హాజరైనవారిలో ఇద్దరు తప్ప ఏ ఒక్కరికీ మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన అవసరమే కలగలేదనీ తెలియజేయడానికి వారు సంతోషించారు. దురదృష్టవంతులైన ఆ ఇద్దరి ఆయురారోగ్యాల కోసం సభ లేచి ఒక నిమిషం మౌనంగా ప్రార్థించింది. కూర్చుంటే మర్యాద కాదని అచ్చెన్న, కోటేశ్వరి కూడా లేచి నిలబడి, తమ కోసం తామే ప్రార్థించుకున్నారు.

అధ్యక్షులు జగదీశ్వరరావు గారు గజమాల మోయలేక కూర్చునే ప్రసంగించారు. "నా సంగతే చూడండి! రెండో ఆపరేషను అయినప్పుడు ఆ డాక్టరు, నెలనెలా రమ్మన్నాడు. నేను మన సంప్రదాయం ప్రకారం 'వెళ్తాను' అని చెప్పి వచ్చాను. ఈనాటి దాకా ఆయన ముఖం చూసి ఎరగను. మాట అంటే మాటే!"

ఆ చప్పట్లు నేను విన్నాను. మీవి కూడా అందులో ఉన్నాయి.

జగదీశ్వరరావు గారు శ్రావణమాసం రెండో శుక్రవారం మధ్యాహ్నం, వానలో, లమ్మడాలోని కొట్టు నుంచి ఆస్పత్రికి బయలుదేరారు. వారు తిరిగి రాలేదు.